కొండపల్లి బొమ్మల వీధిలో

2022వ సంవత్సరమున నేర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో, విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున కొండపల్లి గలదు. 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గము కొండమీద నున్నది. మేము దుర్గ మెక్కలేదు. దిగువనున్న బొమ్మలవారి వీధికే వెళ్లితిమి.

సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చు సోదరీమణులకు అంబారీ యేనుగు, దశావతారములు, తాడిచెట్టెక్కు కల్లుగీత వాడు పరిచితులే. వారి పుట్టిల్లు చూచినవారు మాత్రము కొందరే.

తెల్లపొణికి కఱ్ఱ మిగుల తేలిక. దానిని సన్నని సెగపై నుంచి తడి పోగొట్టుదురు. తల, చేతులు, తొండము వేర్వేరుగ చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో నతుకుదురు. ముక్కుచెవులను తీర్చునదియు నా మక్కే. పైని సున్నము పూసి, ఆరిన పిదప మేకవెండ్రుకల కుంచెతో రంగు లద్దుదురు. చెక్కుట పురుషుల పని. రంగులు చాలవరకు స్త్రీల చేతివి. వంటపని ముగించుకొని వచ్చి బొమ్మకు కనుబొమలు దిద్దునది ఇల్లాలు, పనివాడను పేరు మగనిది! ఈ న్యాయము మాకు నచ్చలేదు.

ఇప్పటి చింత యంతయు కఱ్ఱను గూర్చియే. చుట్టుప్రక్కల కొండలలో పొణికి తరుగుచున్నది. వేఱు కఱ్ఱ బరువు. ఉలికి ఇంత సుళువుగ లొంగదు. చెట్లు నాటినను అవి ఉలి కందుటకు ఏండ్లు పట్టును. అంగళ్లలో ప్లాస్టిక్కు బొమ్మల ధర యంతవఱ కాగునా?

మేమొక యంబారీ యేనుగును గొంటిమి. నీటిరంగుల బొమ్మను తడిగుడ్డతో తుడువరాదట; మెత్తని పొడిగుడ్డయే తగునని, దానిని కాగితమున చుట్టుచు ఆ యిల్లాలు చెప్పినది.