అంబటాళ్లకు

పరీక్షల పర్యవేక్షణకని కాలేజీవారు నన్ను రెండు రోజులు మేడ్చల్ పంపారు. రెండోనాడు మధ్యాహ్నం దాకా పని లేదు. ఊళ్లు చూసే సరదా కొద్దీ పక్కనే ఉన్న గౌడవెల్లికి పోయాను. చిన్న ఊరు, చిన్న స్టేషను. నిజాం కాలంలో మన్మాడ్ దాకా మీటరుగేజి వేసిన దారి ఇది. ఇప్పుడు పెద్దలైను; 2023లో నగరపు లోకల్ బళ్లు కూడా మేడ్చల్ దాకా వచ్చాయి.

ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలకు ఒకప్పుడు పెట్టింది పేరు. ఆ ఆశతోనే, స్టేషను బయట వేపచెట్టు కింద బుట్టతో కూచున్న అవ్వను అడిగాను.

“ద్రాక్షలెక్కడివి బిడ్డా! తోటలన్ని ప్లాట్లయినయ్. జామకాయలు తెస్తి, అవి గూడ అంబటాళ్లకే ఒడిసినయ్.”

“అంబటాళ్లంటే?”

“గదే, అంబలి తాగే యాళ్ల. గంత సదువుకున్నవ్, గిది తెల్వదా?” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రోకలికి రోకటి, వాకిలికి వాకిటి, అంబలికి అంబటి అంటూ ఔపవిభక్తికాలు ఏటేటా బల్లగుద్ది చెప్పేవాణ్ణి నేను. అంబటి వేళే కదా అంబటాళ్ల! క్రితం రాత్రే బసలో మా పిల్లల వ్యాసాలు దిద్దుతూ, అంబటాళ్లకు తండ్రి పొలం నుంచి వచ్చేవాడని రాసిన కుర్రవాడికి ఎర్రసిరాతో ‘గ్రామ్యం’ అని గీత గీసి, రెండు మార్కులు కోశాను. మా అమ్మమ్మ ‘బోయినాలయ్యాయా’ అంటే మాత్రం నాకు ముద్దుగానే ఉండేది!

స్టేషను బల్లమీద కూచుని సంచిలోంచి కాగితాల కట్ట తీశాను. ఎర్రకలం బసలోనే మరిచాను. నీలిసిరాతోనే ఆ గీత కొట్టేసి, మార్కులు కలిపి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

అవ్వ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, “పోయొస్త బిడ్డా” అంటూ పట్టాలు దాటింది.