ఎండే తిప్పే ప్రార్థన చక్రం

ఢిల్లీ వెళ్లినవాళ్లు ఎర్రకోట, కుతుబ్‌మీనార్ చూసొస్తారు. షాపింగ్‌కి కరోల్‌బాగ్, సరోజినీనగర్ ఎలాగూ ఉన్నాయి. కానీ కాశ్మీరీగేట్ దాటి యమున ఒడ్డు వెంబడే కాస్త ముందుకెళితే వేరే దేశానికి వచ్చామా అనిపిస్తుంది. తల పైన రంగురంగుల ప్రార్థన జెండాలు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకోవాల్సినంత ఇరుకు సందులు, మోమోల ఆవిరి, ముదురెరుపు వస్త్రాల్లో బౌద్ధ సన్యాసులు... అదే మజ్నూ కా టీలా!

టీలా అంటే దిబ్బ. జనాన్ని ఉచితంగా యమున దాటించే ఓ సూఫీ భక్తుణ్ని అంతా మజ్నూ అనేవారనీ, గురునానక్ ఆయన్ని ఇక్కడే కలిశారనీ చెబుతారు. 1959లో దలైలామా భారత్‌కు వచ్చాక, ఆ దారినే వచ్చిన టిబెటన్లలో కొందరు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలే ఇప్పుడు మేడలయ్యాయి. 2006లో రోడ్డు విస్తరణ, నదీతీర సుందరీకరణల పేరుతో కూల్చివేత ముప్పు వచ్చినా కాలనీ నిలబడింది.

ఆరామం దగ్గర్లోని ఓ చిన్న గిఫ్టుషాపులోకి వెళ్లాను. మోగే కంచు గిన్నెలు, పూసల దండలు, అగరొత్తులు, యాక్ బొమ్మలున్న కీచెయిన్లు. వాటి మధ్య అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ చక్రం ఒకటి ఎవరూ ముట్టుకోకుండానే గిర్రున తిరుగుతోంది. కింద చిన్న సోలార్ పలక. కారు డాష్‌బోర్డు మీద పెట్టుకునే ప్రార్థన చక్రమట! చేత్తో తిప్పాల్సిన చక్రానికి సౌరశక్తి ఏమిటని నవ్వొచ్చింది.

దుకాణం చూసుకునే అమాలా (అక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు) కూడా నవ్వింది. పైమూత తీసి లోపలున్న కాగితం చుట్ట చూపించింది. దాని నిండా 'ఓం మణి పద్మే హూం' మంత్రమే. చక్రం ఒక్కసారి తిరిగితే అందులో రాసినన్నిసార్లూ జపించినట్టేనని వాళ్ల నమ్మకం. ''మా అమ్మ రోజంతా చేత్తో తిప్పేది బేటా. నాకు బేరాలతోనే సరి. అందుకే ఆ పని సూర్యుడికి అప్పజెప్పా'' అంది హిందీలో.

నాలుగొందల యాభై చెప్పి నాలుగొందలకిచ్చింది. ఏ ఊరని అడిగితే ఆంధ్ర అన్నాను. వెంటనే ఆవిడ ముఖం వెలిగిపోయింది. ''అమరావతి!'' అంది. 2006 జనవరిలో దలైలామా అక్కడ నిర్వహించిన కాలచక్రకు కుటుంబమంతా వెళ్లారట. బుద్ధుడు కాలచక్రను మొదట బోధించింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల విశ్వాసం. మనకు ఓ ఊరైన అమరావతి, ఆవిడకు పుణ్యక్షేత్రం. మరి లాసా? ''ఫొటోల్లోనే. నేను పుట్టింది ఇక్కడే కదా'' అంది, గోడ మీది పొతల రాజభవనం చిత్రం వైపు చూస్తూ.

ఇక్కడే పుట్టినా చాలామంది టిబెటన్లది ఇప్పటికీ శరణార్థుల బతుకే. చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది. గడువు తీరినప్పుడల్లా దాన్ని మళ్లీ రాయించుకోవాలి. చలికాలంలో మన ఊళ్లకొచ్చి స్వెట్టర్లు అమ్మేవాళ్లలోనూ ఎందరో టిబెటన్లున్నారు. మనం నేపాలీలనుకుంటాం. రంగు చూస్తాం, బేరమాడతాం, మీదే ఊరని మాత్రం అడగం.

ఈసారి ఢిల్లీ వెళితే మెట్రోలో విధాన్‌సభ స్టేషన్లో దిగి రిక్షా ఎక్కండి. ఓ పూట చాలు. వేడివేడి తుక్పా తాగండి, చక్రమో కీచెయినో కొనుక్కోండి. మీది తెలుగునేల అని చెప్పడం మర్చిపోకండి. అమరావతి చూసొచ్చినవాళ్లు ఆ సందుల్లో మరికొందరు ఉండొచ్చు.