మార్టేరు నంబర్ల వెనుక మనుషులు

పెనుగొండ మీదుగా గోదావరి డెల్టాలోని మార్టేరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సార్వా (ఖరీఫ్) వరి ఈనే రోజులు. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో చూడాల్సినదంతా ఈ రోజుల్లోనే ఉంటుందని ముందే చెప్పారు. ఇది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచే కేంద్రం. విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది. మార్టేరులో వరి పరిశోధన మొదలైంది 1925లో. అంటే ఈ పొలానికి విశ్వవిద్యాలయం కన్నా దాదాపు నలభై ఏళ్లు వయసెక్కువ.

అధ్యాపకులు, శాస్త్రవేత్తలు ఏం సాధించారో, ఏం ప్రచురించారో విశ్వవిద్యాలయాలు ఏటా లెక్క చెబుతాయి. పరిశోధన పత్రాలు, పుస్తకాలు, పురస్కారాలు వరుసగా ఉంటాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం లెక్కలో విడుదలైన వంగడాలకూ చోటుంటుంది. చదివేవాళ్లు తొందరగా దాటేసే చోటు అది. నేను వెళ్లింది దాని కోసమే.

సంకరం చేసే చోట ఒకావిడ స్టూలు మీద కూర్చుని వరి వెన్ను మీదికి వంగి పని చేస్తోంది. చేతిలో చిన్న కత్తెర, సన్నటి పట్టకారు. ఇంకా విచ్చుకోని గింజ పొట్టు కొసను కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్ని ఒక్కటీ చిట్లకుండా పైకి తీస్తోంది. ఒక్కటి మిగిలిపోయినా ఆ పువ్వు తనను తానే ఫలదీకరించుకుంటుంది, సంకరం అబద్ధమవుతుంది. వెన్ను మొత్తం అయ్యాక బటర్ పేపరు సంచి తొడిగి చీటీ కట్టింది. మర్నాడు పొద్దున పది గంటల ప్రాంతంలో, తండ్రి మొక్క పువ్వులు విచ్చే వేళకి, దాని వెన్ను తెచ్చి ఈ పూల మీద దులుపుతారు. అలా పట్టిన గింజను చూపించారు. పొట్టు సగమే ఉండి, బియ్యపు కొస బయటికి కనబడుతోంది. ఎన్నేళ్లుగా చేస్తున్నారని అడిగితే, "పెళ్లయి వచ్చిన కాణ్ణించీ ఇదే పనండీ" అంది చూపు తిప్పకుండా.

ఆ గింజ వంగడంగా పొలానికి చేరడానికి పదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. రెండో తరంలో వేల మొక్కలు వేస్తారు. వాటిలో నచ్చినవి ఏరి, ఒక్కో మొక్క విత్తనం ఒక్కో వరుసగా నాటుతారు. ఐదారు తరాలు ఇలా ఏరుకుంటూ పోయి, గుణాలు స్థిరపడ్డాక దిగుబడి పరీక్షలు, ఇతర కేంద్రాల్లో పరీక్షలు, ఆపైన రైతులకు చిన్న సంచుల్లో విత్తనమిచ్చి వాళ్ల పొలాల్లో వేయించే మినీకిట్లు. అన్నిటిలో నెగ్గిన దానికే విడుదల. వేలల్లోంచి చివరికి ఒకటి మిగిలితే గొప్ప. మొదటి సంకరం చేసినవాళ్లు విడుదల నాటికి బదిలీ అయిపోయి ఉండొచ్చు, రిటైరై కూడా ఉండొచ్చు.

పురుగుల విభాగంలో ఇంకాసేపు ఆగాను. 1970ల తర్వాత డెల్టా రైతును ఏడిపించింది సుడిదోమ. పచ్చగా ఉన్న చేను సుడులు సుడులుగా కూర్చుండిపోయి మాడిపోవడం ఈ జిల్లాల్లో చూడనివాళ్లు లేరు. ఇక్కడ ఆ దోమనే పనిగట్టుకుని పెంచుతారు. ట్రేలలో వరసలుగా నారు పోసి దోమను వదులుతారు. పక్కనే తట్టుకోలేని తైచుంగ్ నేటివ్-1 ఒక వరస, తట్టుకునే పీటీబీ-33 ఒక వరస. తైచుంగ్ పూర్తిగా ఎండిపోయిన రోజున మిగతా వరసలకు మార్కులు వేస్తారు. పీటీబీ-33 కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పాత రకం. చైతన్య, కృష్ణవేణి, వజ్రం, 1995లో వచ్చిన విజేత ఈ దోమతో పోరాటంలోంచి పుట్టినవే. మందు కొట్టే ఖర్చు, ఆ మందు రైతు ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు కొంతైనా తగ్గాయంటే వీటి చలవే. ఈ కేంద్రం చేసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

పేరు మాత్రం స్వర్ణకు వచ్చింది. వశిష్ట, మసూరి రకాలను కలిపి తీసిన ఈ రకం, మార్టేరు నంబరుతో ఎంటీయూ 7029, విడుదలైంది 1982లో. ఎరువు తక్కువైనా పండుతుంది కాబట్టి పేద రైతుకు నచ్చింది. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. ముంపును తట్టుకునే సబ్-1 జన్యువు గురించి 2006లో నేచర్ పత్రికలో పత్రం వెలువడింది. ఒడిశా పాత రకం ఎఫ్‌ఆర్ 13ఏ నుంచి వచ్చిన జన్యువు అది. దాన్ని రైతుకు చేర్చాలని అనుకున్నప్పుడు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఎంచుకున్న రకాల్లో మార్టేరు స్వర్ణ ముందుంది. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా నీట మునిగినా తిరిగి లేస్తుంది. ఆ పత్రం ఉటంకింపుల్ని లోకం లెక్కపెడుతుంది. స్వర్ణకు ఉటంకింపులంటే ఎకరాలే.

కాటన్ దొర సన్నాల (ఎంటీయూ 1010) కథ కూడా అలాగే సాగింది. కృష్ణవేణి, ఐఆర్ 64 కలిపి తీసిన ఈ రకం విడుదలైంది 2000లో. నూట ఇరవై రోజుల్లో చేతికొస్తుంది. దాళ్వా (రబీ)లో కాలవలు కట్టేసేలోగా పంట గట్టెక్కాలంటే ఆ రోజుల లెక్కే ప్రాణం. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన పూసా డీఎస్టీ రైస్-1కి ఆధారం ఈ 1010. కరువునూ ఉప్పునూ తట్టుకునేలా ఢిల్లీలోని శాస్త్రవేత్తలు దీన్నే సవరించారు. పావు శతాబ్దం నాటి రకాన్ని ఇప్పటికీ పునాదిగా ఎంచుకుంటున్నారంటే ఆ పునాది ఎంత గట్టిదో తెలుస్తోంది.

లోపాలు లేవనను. నవంబరు తుపానుకి స్వర్ణ పడిపోతుంది. పడిన చేను నీళ్లలో నానితే కౌలు రైతు అప్పు తీరదు. ఇప్పుడు సార్వాలో ఇక్కడి ఎంటీయూ 1318, దాళ్వాలో 1121 ఎక్కువగా కనిపిస్తున్నాయి. కేరళవాళ్లు జయ అని అడిగి కొనుక్కునే కోనసీమ బొండాలు కూడా ఇక్కడి 3626 రకమే. అయినా 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. మంచి విత్తనం ఒక్కటే సేద్యాన్ని నిలబెట్టలేదని ఆ ఏడాది తేలిపోయింది. వాళ్లడిగిన గిట్టుబాటు ధర, మురుగు కాలవల పూడికతీత శాస్త్రవేత్త చేతిలో లేవు. ఆ కోపం పరిశోధనా స్థానం మీద చూపడం అన్యాయం.

తిరిగొస్తూ గట్టు మీద కనిపించిన ఒక రైతుని ఏం వేశారని అడిగాను. "పదమూడు పద్దెనిమిదండీ" అన్నాడు. ఎవరు తయారుచేశారో తెలుసా అంటే, "మార్టేరోళ్లు గదండీ" అన్నాడు. ఒక విశ్వవిద్యాలయానికి అంతకు మించిన గుర్తింపు ఏముంటుంది? కానీ ఆ మార్టేరోళ్లలో స్టూలు మీద వంగి కూర్చున్న ఆవిడా ఉంది. పత్రం మీద రచయితల పేర్లు వేస్తాం, పుస్తకం అట్ట మీద వేస్తాం. కొత్త వంగడం విడుదల చేసేటప్పుడు ఇచ్చే కరపత్రం మీద కూడా సంకరం చేసినవాళ్లు, పురుగుల విభాగం, తెగుళ్ల విభాగంవాళ్లు, పొలం సిబ్బంది, రిటైరైనవాళ్లతో సహా అందరి పేర్లూ తెలుగులో అచ్చు వేయాలని విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాను. దానికి కావలసింది ఒక్క పేజీ కాగితం.