తెర లేవక ముందు

నాటకానికి కవి, నటుడు ఉంటే చాలదు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చి, ఖర్చూ కష్టమూ తలకెత్తుకొనే మూడవ మనిషి కావాలి. ప్రేక్షకులు అతనిని చూడరు.

1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లారు. వారు వేసిన పాక మిగిలింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ పాకలోనే తమ విద్యార్థులచేత తెలుగు నాటకం ఆడించారు. ఆ మూడవ మనిషి నాడు ఒక ఉపాధ్యాయుడు.

నేడు ఆ భారాన్ని చాలవరకు పరిషత్తులు వహిస్తున్నాయి. మన రావులపాలెంలోనే కాటన్ కళాపరిషత్తు నాటిక పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. అటువంటి చోట సమాజాలకు వేదిక లభిస్తుంది, బహుమతి లభిస్తుంది. అన్నిటికంటె మిన్నగా ప్రేక్షకులు లభిస్తారు. అయితే పరిషత్తు పిలిచేది సిద్ధమైన నాటికను. అంతకు ముందు వారాల తరబడి సాగే రిహార్సలుకు చోటు చూపేదెవరు? అక్కడనే ఎన్నో కొత్త రచనలు కాగితం దాటకుండా ఆగిపోతాయి.

తరగతిలో నాటకం చదివించినప్పుడు, చివరి బల్లమీది మౌని సైతం గొంతు విప్పడం నేను చూశాను. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు పలికే మన విద్యార్థుల జీవితం తెలుగు వేదిక మీద కనిపించేది అరుదు. ఆ నాటిక వారే వ్రాయాలి.

కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. సాయంత్రం రెండు గంటలు ఒక గది ఇప్పించండి. టీ ఖర్చు మేము చూసుకొంటాము. మొదటి ఏడాది మాత్రం బహుమతి ఏదని అడుగవద్దు.