నెట్ పోతే గడియారం ఆగదు

ఫోన్‌లో చెస్ ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి పనికొస్తుందని రాస్తున్నాను.

మా పాప మల్లట్ బడిలో ఆట నేర్చుకుని సాయంత్రాలు లీచెస్‌లో ఆడుతోంది. అది ఉచితం, ప్రకటనలు కూడా రావు. చిక్కల్లా ఏమిటంటే గెలిచే ఆటలు ఓడిపోయేది. ఏనుగు ఎక్కువున్నా సరే, ఆట మధ్యలో బల్ల కదలకుండా నిలిచిపోయేది. మళ్లీ కలిసేసరికి టైము అయిపోయేది. ‘ఓడిపోయి నెట్ మీద తోస్తోంది’ అని వాళ్లన్న వెక్కిరింపు. ‘ఇక ఆడను నాన్నా’ అంది ఒకరోజు.

ఆటయ్యాక ఏ ఎత్తుకి ఎన్ని సెకన్లు పట్టాయో లీచెస్‌లో కనిపిస్తుంది. అది తీసి చూశాం. ఎదుటివాడు కొట్టిన గుర్రానికి బదులు కొట్టాలి, వేరే దారి లేదు. ఆ ఒక్క ఎత్తుకి యాభై సెకన్లు! ఆలోచించాల్సిన చోట కాదది. పిల్ల చెప్పింది నిజమే.

మన గడియారం మన ఫోన్‌లో ఉండదు, దూరాన సర్వర్‌లో నడుస్తుంది. పావు కదిపిన సంగతి అక్కడికి చేరితేనే ఎత్తు వేసినట్టు. చిన్న ఆలస్యాన్ని లీచెస్ కొంత సర్దుతుంది, నెట్టే తెగితే సర్దదు. పెద్దవాళ్లకీ ఈ బాధ తప్పలేదు. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్. మన హంపి, హారిక ఉన్న భారత జట్టుకి రష్యాతో పోటీ. నెట్ అంతరాయంలో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ టైము అయిపోయి ఓడారు. మనవాళ్లు అప్పీలు చేస్తే ఫిడే రెండు జట్లకీ బంగారం ఇచ్చింది. అదే పోటీ క్వార్టర్ ఫైనల్లో ఆర్మేనియా ఆటగాడికి మన మీద ఆడుతుండగా ఇలాగే అయితే వాళ్ల అప్పీలు కొట్టేశారు. ఇదంతా విని మా పాప, ‘మరి నేనెవరికి అప్పీలు చేసుకోను?’ అంది.

ఇక ఫోను సంగతి. అందరూ పెద్ద రీఛార్జ్ చేయించమన్నారు. ఒక ఎత్తంటే నాలుగక్షరాల సమాచారం, దానికి వేగం ఎందుకు? తెగకుండా ఉంటే చాలు. మిల్లు లైనులో మావి రేకుల ఇళ్లు. ఇనుప రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. లోపల ఒక గీత, వాకిట్లో మూడు. పైగా ఫోను 5జీకీ 4జీకీ మధ్య గెంతేది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి 4జీ పెట్టాక ఆ గెంతులు తగ్గాయి. రెండు సిమ్ములుంటే డేటా తనంతట తాను ఒక సిమ్ము నుంచి ఇంకోదానికి మారకుండా ఆపాలి. బ్యాటరీ సేవర్, డేటా సేవర్, వీపీఎన్ కూడా ఆట అయ్యేదాకా ఆపేయండి. లీచెస్ వెబ్‌సైట్‌లో మీ పేరు నొక్కితే పింగ్ అని ఒక అంకె వస్తుంది. అది కాస్త పెద్దదైనా పర్లేదు, ఎగిరెగిరి పడకూడదు. వైఫై నమ్ముకున్నవాళ్లకి కరెంటు పోతే అదీ పోతుంది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం ఆటలో మార్చిన సెట్టింగే. మూడు నిమిషాల ఆటలు మానిపించి 15+10 పెట్టించాను. పదిహేను నిమిషాలు కాక, ప్రతి ఎత్తుకీ పది సెకన్లు కలుస్తాయి. సిగ్నల్ అసలే నిలవని క్యాంపుల్లో వాళ్లకి కరస్పాండెన్స్ అనే ఆట ఉంది, ఒక్కో ఎత్తుకి రోజుల గడువు.

పోయిన వారం కూడా నెట్ తెగింది. పాప ఫోనుతో వాకిట్లోకి పరుగెత్తి, యాప్ మూసి తెరిచింది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆట డ్రా అయింది. ఫోను సరిచేయించుకోవాలనుకునేవాళ్లు ఆదివారం సాయంత్రం పిల్లల్ని మా ఇంటికి పంపండి, వాళ్లన్న కూడా ఉంటాడు.