బెల్టు కోసం బెజవాడ

అమలాపురం నుంచి జనం బెజవాడ వెళ్ళడానికి చాలా కారణాలుంటాయి. దుర్గమ్మ దర్శనం, పెళ్ళిబట్టలు, పెద్ద డాక్టరు. కారు బెల్టు మార్పించడానికి వెళ్తున్నానంటే మాత్రం మా వీధిలో ఎవరికీ మింగుడు పడలేదు. పోనీ తెగిన బెల్టా అంటే అదీ కాదు, నిక్షేపంలా తిరుగుతున్న బెల్టు. "బాగున్నదాన్ని పీకించడం ఏవిటండీ మాస్టారూ?" అని ఎదురింటి కొబ్బరికాయల వ్యాపారి తెగ బాధపడిపోయారు.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. టైమింగ్ బెల్టు కంటికి కనబడదు, బానెట్ ఎత్తినా మూత చాటునే ఉంటుంది. నా డస్టరులో ఉన్నది 1,461 సీసీ డీజిలు ఇంజను. కింద క్రాంకు తిరుగుతుంటే, పైన కామ్‌షాఫ్టుని సరిగ్గా అందులో సగం వేగంతో తిప్పేది పళ్ళున్న ఈ రబ్బరు పట్టీయే. పిస్టను పైకొచ్చే వేళకి వాల్వులు దారి వదిలి ఉండాలి. ఆ లెక్క తప్పకుండా చూడడమే దాని ఉద్యోగం. నడుస్తుండగా తెగిందంటే పిస్టన్లు వెళ్ళి వాల్వులను గుద్దుతాయి, అవి వంగిపోతాయి, హెడ్డు దింపాల్సిందే. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి, బ్యాటరీ పోయేముందు మూలుగుతుంది. ఇది చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది.

మా ఊరి మెకానిక్కు మంచివాడు. "దీనికి లాకు పిన్నులు కావాలండీ, నాదగ్గర లెవ్వు. ఆటోనగర్ ఎళ్ళిపోండి" అన్నాడు. లేనివి లేవని చెప్పే మెకానిక్కుని వదులుకోకండి.

తెల్లారకుండా బయల్దేరి కొత్తపేట, రావులపాలెం మీదుగా సిద్ధాంతం వంతెన దాటి తణుకు వైపు పడ్డాను. దారిపొడుగునా నా కన్ను వేగం చూపించే ముల్లు మీద లేదు, పక్కనున్న ఆర్పీఎం ముల్లు మీదుంది. రెండు వేల దగ్గర నిలకడగా ఉంటే ఒక్కో వాల్వు సెకనుకి పదహారుసార్లకు పైగా తెరుచుకుంటుంది. ఈ లెక్క తెలియనంతకాలం ఏలూరు దాకా పాటలు వింటూ వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో టీ తాగుతూ కూడా బానెట్ వంకే చూశాను.

ఆటోనగర్ అంటే పది పదిహేను షెడ్లుంటాయి కాబోలనుకున్నాను. కాదు, అదొక ఊరు. ఆసియాలోకెల్లా పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఇదొకటని బెజవాడవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. 2014లో వచ్చిన నాగచైతన్య సినిమా 'ఆటోనగర్ సూర్య' చూసినవాళ్ళకి పేరు కొత్త కాదు గానీ, ఆ సినిమా చూసి దారి కనుక్కోలేం. గేటు లోపలికి వెళ్ళి, "కారు మెకానిక్కు ఎక్కడండీ?" అని ఒకాయన్ని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కారులో ఏంటి?" అన్నారు.

ఆ ప్రశ్న ఎంత సరైనదో ఆ తర్వాతి గంట తిరుగుడులో తెలిసింది. ఒక వీధంతా కమాను కట్టలు. ఇంకో వీధిలో రేడియేటర్లు అతికేవాళ్ళు. ఒకరు క్రాంకులు మాత్రమే గ్రైండింగ్ పడతారు, ఒకరు సీట్లు మాత్రమే కుడతారు. ఇంకొకరి కొట్టులో నేల నుంచి కప్పు దాకా బోల్టులూ నట్లూ తప్ప మరేమీ లేవు, ఆయన ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నారు. లారీ బాడీ కట్టే షెడ్డు ముందు నిలబడిపోయాను. తల లేని లారీకి చెక్కలు బిగుస్తున్నాయి, పక్కనే ఒక కుర్రాడు ఇంకా పుట్టని ఆ లారీకి 'హారన్ ప్లీజ్' అని రాసే చెక్కకి రంగు వేస్తున్నాడు. మా అంబాజీపేట మార్కెట్లో కాయకొకరు, కురిడీకొకరు, పీచుకొకరు, చిప్పకొకరు ఉన్నట్టే, ఇక్కడ బండిని విడదీసి తలా ఒక ముక్కా పంచుకున్నారు. దారి తప్పాలనుకుంటే ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

చివరికి దొరికిన స్పేర్ల కొట్టులో డస్టరు అని చెబితే సరిపోలేదు. "ఆర్సీ ఇవ్వండి సార్, ఛాసిస్ నంబరు చూడాలి" అన్నారు. ఇదే కుటుంబం ఇంజను లోగాన్‌లోనూ, నిస్సాన్ సన్నీలోనూ, టెర్రానోలోనూ వచ్చింది. పైకి ఒకటే అయినా సామాన్లలో తేడాలుంటాయట. బెల్టు తీసి బల్ల మీద పెట్టి, అడక్కుండానే టెన్షనరు, వాటర్ పంపు, క్రాంకు పుల్లీకి కొత్త బోల్టు, బయటి ఆల్టర్నేటర్ బెల్టు వరసగా పేర్చారు. అమ్మకం తెలివి అనుకుని మొహం చిట్లించాను.

షెడ్డులో మేస్త్రి గారు ఆ చిట్లింపు పోగొట్టారు. "చూడండి సార్, వాటర్ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు బేరింగు రేపు పట్టేసిందనుకోండి, కొత్త బెల్టు కూడా దాంతో పోద్ది. అప్పుడు మళ్ళీ ఇదంతా ఇప్పాలి. సామాను కన్నా ఇప్పే కూలే ఎక్కువ." బయటి బెల్టు సంగతి ఇంకా విచిత్రం. అది పీలికలై తెగితే ఆ పోగులు క్రాంకు పుల్లీ వెనక నుంచి లోపలికి దూరి టైమింగ్ బెల్టుని పళ్ళు తప్పిస్తాయి. తక్కువ ఖరీదు బెల్టు ఎక్కువ ఖరీదు ఇంజనుని తినేస్తుందన్నమాట.

ఇంజను చల్లారితే గానీ చెయ్యి పెట్టనన్నారు. సరే, భోజనం. పక్క వీధిలో మెస్సు. చెయ్యి కడుక్కునే చోట సబ్బుతోపాటు రంపపు పొట్టు కలిపిన డిటర్జెంటు గిన్నె ఉంది. దాంతో రుద్దితే గ్రీజు వదులుతుందట. గ్రీజు లేని నా చేతులకీ సరదాగా రుద్దుకున్నాను. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, ఉలవచారు. మా కోనసీమలో పనసపొట్టు కూరకి ఆవపెట్టి మురిసిపోతాం గానీ, ఉలవచారు మీద మీగడ వేసుకోవడంలో కృష్ణా జిల్లావాళ్ళదే పైచేయి. ఈ మాట మా ఇంట్లో చెప్పకండి.

తిరిగి వచ్చేసరికి కారు కుడి ముందు చక్రం ఊడింది. ఇంజను కింద చెక్కముక్క పెట్టి జాకీ ఎత్తారు, ఎందుకంటే బెల్టు బయటికి రావాలంటే ఇంజనుని పట్టుకునే మౌంటింగే విప్పాలి. క్రాంకు కదలకుండా ఒక పిన్ను, కామ్ పుల్లీలో మరో పిన్ను. ఆ రెండూ పడ్డాకే పాత బెల్టు వదిలారు. చేతిలోకి తీసుకుంటే ఒక్క పగులు లేదు. ఎదురింటాయన గుర్తొచ్చారు. మేస్త్రి గారు నవ్వి, పంపు నా ముందు పెట్టారు. దాని కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంటు కారి ఎండిన పొర కట్టి ఉంది. లోపలి సీలు అప్పటికే వదులుతోంది.

1962లో జర్మనీలో గ్లాస్ 1004 కారుకి మొదలుపెట్టి కంపెనీలు చైను బదులు రబ్బరు బెల్టు వాడుతున్నాయి. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కర్లేదు. బదులుగా అది అడిగేది ఈ ఒక్క పూట పనే.

అన్నీ బిగించాక నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం వచ్చింది. వెంటనే స్టార్టు చేయలేదు. పిన్నులు తీసేసి, పానాతో క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్ళీ పిన్నులు పెట్టి చూశారు. రెండూ సరిగ్గా వాటి రంధ్రాల్లో కూర్చున్నాయి. అప్పుడిచ్చారు తాళం నా చేతికి. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

మీరూ వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఆర్సీ మరవకండి, ఆ రెండు చుట్లు దగ్గరుండి చూడండి. తీసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. కిలోమీటర్లు, తేదీ రాసి బానెట్ లోపల అంటించమనండి. మీది డీజిల్ స్విఫ్ట్ అయితే అందులో ఉన్నది చైను, ఈ పని మీకు లేదు. పాత శాంత్రో, ఇండికా డీజిలు, 2.5 లీటర్ల పాత ఇన్నోవా అయితే ఉన్నది బెల్టే. మాన్యువల్ తీసి చూడండి. అందులో కిలోమీటర్లతోపాటు సంవత్సరాలు కూడా రాసి ఉంటే, రెండింట్లో ఏది ముందొస్తే దానికే మార్పించండి. షెడ్లో ఊరికే ఉన్న కారులో కూడా రబ్బరుకి వయసు పెరుగుతూనే ఉంటుంది.