పాత రిజిస్టరు

మా కాలేజీ క్రమశిక్షణ సంఘంలో నేను పదేళ్లుగా సభ్యుణ్ణి. తెలుగు పంతులు మెత్తనివాడని వేశారో, తీర్మానాలు చక్కగా రాస్తాడని వేశారో తెలియదు.

ఆమధ్య మా అబ్బాయి మహమ్మద్ అలీ కథ చెప్పమన్నాడు. బాక్సింగ్ గురించి నాకేం తెలుసు? తెలియదంటే తండ్రి పరువు పోతుందని పుస్తకాలు తిరగేశాను. గుద్దుల సంగతి తలకెక్కలేదు గాని, ఒక లైసెన్సు సంగతి మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

1967 ఏప్రిల్ 28న అలీ సైన్యంలో చేరనన్నాడు. వియత్నాం యుద్ధం రోజులవి. ఆనాడే న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ అతని లైసెన్సు నిలిపేసింది. కోర్టులో నేరం రుజువైంది జూన్‌లో! శిక్ష ముందు, విచారణ తర్వాత అన్నమాట. 25 ఏళ్ల చాంపియను మూడున్నరేళ్లు బరిలో దిగలేదు. 1969లో మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే, నేరస్థుడికిస్తే బాక్సింగ్‌కే చేటన్నారు.

అప్పుడు అతని లాయర్లు కమిషన్‌వారి పాత రికార్డులే తిరగేయించారు. ఏం బయటపడిందనుకున్నారు? శిక్షలు పడ్డవాళ్లకు లైసెన్సులిచ్చిన సందర్భాలు కనీసం 244! హత్య, దోపిడీ, అత్యాచారం; ఆఖరికి సైన్యంలోంచి పారిపోయినవాళ్లు కూడా ఉన్నారు. 1970లో న్యాయమూర్తి వాల్టర్ మాన్స్‌ఫీల్డ్, ఇది రాజ్యాంగం 14వ సవరణకు విరుద్ధమని, లైసెన్సు ఇవ్వక తప్పదని తేల్చారు. ఆ సవరణ బానిసత్వం రద్దయ్యాక 1868లో వచ్చినదే. 1971లో సుప్రీంకోర్టు అసలు శిక్షనే కొట్టేసింది.

ఇదంతా రంగు వల్లనేనా? నల్లవాడు బరిలో కొట్టుకుంటే ఎవరికీ బాధ లేదు. నోరు విప్పితేనే కష్టమయిందని నాకనిపిస్తుంది. ఇప్పటి అమెరికా ఫుట్‌బాల్ లీగులోనూ ఈ తగువు తీరలేదు. ఆడవాళ్లపై చెయ్యి చేసుకుంటే ఆరు ఆటల నిషేధమని 2014లో నియమం పెట్టుకున్నారు. 2016లో తెల్లవాడైన జోష్ బ్రౌన్‌కు మొదట వేసింది ఒక్క ఆట. 2017లో నల్లవాడైన ఎజెకియల్ ఎలియట్‌కు ఆరు. ఇద్దరిమీదా కోర్టులో కేసు నిలవలేదు. అయితే బ్రౌన్ రాతలు బయటపడ్డాక అతనికి మరో ఆరు కలిపారు. 2010లో తెల్లవాడైన రోత్లిస్‌బర్గర్‌కు కేసు లేకుండానే నాలుగు ఆటలు పోయాయి. కాబట్టి ఒక్క జంటను చూపి తీర్పు చెప్పలేం, రిజిస్టరంతా తిరగేయాలి.

ఆ మాట అనుకోగానే మా రిజిస్టరు గుర్తొచ్చింది. మర్నాడు గుమాస్తానడిగి బీరువాలోంచి తీయించాను.

ఒకే ఏడాది, ఇద్దరు హాస్టలు కుర్రాళ్లు, వేర్వేరు నెలల్లో. గోడదూకి రెండో ఆట సినిమాకు పోవడం, అడ్డుపడ్డ వాచ్‌మన్‌ను తోసెయ్యడం, రెండూ ఒకటే. ఒకడికి మందలింపు. వాడి నాన్న మా అందరికీ తెలిసిన పెద్దమనిషి. రెండోవాడి నాన్న కూలి. ఇక మన దేశంలో అడక్కుండానే తెలిసిపోయే ఇంకో సంగతి కూడా మాకు తెలుసు. వాణ్ణి హాస్టలు నుంచి నెల్లాళ్లు పంపేశాం. బస్సు ఛార్జీలు పెట్టుకోలేక వాడా ఏడు పరీక్షే రాయలేదు. రెండు తీర్మానాలూ నా దస్తూరీయే. రెండోదానిలో తెలుగు మరీ అందంగా ఉంది, నా ఖర్మ.

గురువారం మళ్లీ సమావేశం. పదేళ్ల రిజిస్టర్లూ ఇంటికి తెచ్చుకుని ఒక్కొక్క పేరూ కాగితం మీద ఎక్కిస్తున్నాను.

"ఇదేం నవలండీ, రాత్రి పదకొండయినా వదలరు?" అంది మా ఆవిడ.